ఆరు తీగల మీద ఆగిపోయిన చెయ్యి

ఫోన్లో వీడియోలు చూసి గిటార్ నేర్చుకున్నవాళ్లని పదిమందిని అడగండి, ఇంచుమించు ఒకటే కథ చెబుతారు. మొదటి రెండు మూడు నెలలు వేళ్ల కొనలు కాయలు కాస్తాయి. నొప్పి పుడుతుంది. అయినా రోజుకో కొత్త సంగతి పట్టుబడుతుంటే ఆ నొప్పి గుర్తుండదు. జి, సి, డి, ఇ మైనర్ వచ్చేస్తాయి. ఆ నాలుగు కార్డులతో సాగిపోయే సినిమా పాటలు ఓ ఇరవై దాకా పోగవుతాయి. కాలేజీ ఫేర్‌వెల్‌లో వాయిస్తే చప్పట్లు పడతాయి. ఆ తర్వాత ఏడాది గడుస్తుంది, రెండేళ్లు గడుస్తాయి, చేతిలో ఉన్నవి మాత్రం అవే ఇరవై పాటలు. ఎఫ్ కార్డు దగ్గర తీగ ఇప్పటికీ మూగబోతూనే ఉంటుంది. రోజూ గంట వాయిస్తున్నా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. చివరికి "మనకింతే రాసిపెట్టుంది" అనుకుని గిటార్‌ని బీరువా మీదికి ఎక్కించేస్తారు.

సామర్లకోట లాంటి ఊళ్లో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. పక్కన కూర్చుని వాయించేవాళ్లు తక్కువ. చాలామందికి గురువూ ఫోనే, శ్రోతా ఫోనే. కానీ ఇలా ఆగిపోవడానికి ప్రతిభ లేకపోవడం కారణమని తేల్చేయడం తొందరపాటు. చెయ్యి ఎందుకు ఆగుతుందో, మళ్లీ ఎలా కదులుతుందో నూటపాతికేళ్లుగా శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్నారు. ఆ పరిశీలన మొదలైంది రైల్వేలూ వాడుకున్న తంతి మీద కాబట్టి, సామర్లకోట జంక్షన్ నీడలో పెరిగినవాళ్లకి అది మరీ పరాయి సంగతేమీ కాదు.

అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయానికి చెందిన విలియం లోవ్ బ్రయన్, నోబుల్ హార్టర్ కలిసి 1897లో ఒకటి, 1899లో ఒకటి పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. హార్టర్ అంతకుముందు స్వయంగా తంతి పని చేసినవాడు. మోర్స్ కోడ్ నేర్చుకుంటున్నవాళ్లని వాళ్లు వారం వారం పరీక్షించారు. నిమిషానికి ఎన్ని అక్షరాలు పంపగలుగుతున్నారు, ఎన్ని విని రాసుకోగలుగుతున్నారు అని లెక్కగట్టి గీత గీశారు. పంపే వేగం నున్నగా పైకి పోయింది. వినే వేగం అలా పోలేదు. కొంత ఎక్కి, వారాల తరబడి బల్లపరుపుగా సాగి, మళ్లీ ఒక్కసారి లేచింది. ఆ బల్లపరుపు భాగానికే ప్లాటో అని పేరొచ్చింది. అది సరిగ్గా ప్రధాన తంతి లైను మీది సందేశాలు అందుకోగలిగే వేగానికి కాస్త కింద వచ్చింది. చాలామంది అభ్యాసకులు విసిగిపోయి పని మానేసేది కూడా ఆ దశలోనే.

ఎందుకలా ఆగింది? బ్రయన్, హార్టర్ చెప్పిన కారణం ఇది. కొత్తవాడు అక్షరం అక్షరంగా వింటాడు. అక్షరాలుగా విన్నంతకాలం, ఎంత సాధన చేసినా, చెవి అందుకోగల వేగానికి ఒక హద్దు ఉంటుంది. అక్షరాలు కలిసి మాటగా వినిపించడం మొదలైతే ఆ హద్దు తొలగుతుంది. మాటలు కలిసి వాక్యభాగంగా వినిపిస్తే ఇంకో హద్దు తొలగుతుంది. కింది మెట్టు పూర్తిగా అలవాటై, దాని మీద ధ్యాస పెట్టాల్సిన అవసరం తీరిపోయేదాకా పై మెట్టు అందదు.

ఇది గిటార్ మీద కంటితో చూడగలిగే విషయం. సి కార్డులో ఉంగరపు వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద, నడిమి వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్ మీద, చూపుడు వేలు రెండో తీగ మొదటి ఫ్రెట్ మీద ఉంటాయి. అక్కడినుంచి ఎ మైనర్‌కి వెళ్లాలంటే ఉంగరపు వేలు ఒక్కటి మూడో తీగ రెండో ఫ్రెట్ మీదికి వస్తే చాలు, మిగతా రెండూ కదలనక్కర్లేదు. కానీ సొంతంగా నేర్చుకున్నవాళ్ల ఎడమ చెయ్యి గమనించండి. మూడు వేళ్లూ గాల్లోకి లేచి, మళ్లీ ఒక్కొక్కటే దిగుతాయి. ఎందుకంటే వాళ్లు నేర్చుకున్నవి రెండు వేరువేరు బొమ్మలు. ఒక బొమ్మ చెరిపి ఇంకోటి గీస్తున్నారు. సి నుంచి ఎఫ్‌కి వెళ్లేటప్పుడూ అంతే. మొదటి ఫ్రెట్ మీద చూపుడు వేలు ఆరు తీగలకీ అడ్డంగా పడుకునే పెద్ద ఎఫ్‌లో ఉంగరపు వేలు ఉండాల్సిన చోటు కూడా ఐదో తీగ మూడో ఫ్రెట్టే. ఆ వేలిని ఆధారంగా అక్కడే ఉంచి మిగతావాటిని సర్దుకోవచ్చు. ఇది కనిపెట్టనివాళ్లు మాత్రం ఏళ్ల తరబడి చెయ్యంతా పైకి లేపి, మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటుంటారు. కార్డుని అక్షరంలా కాక, ఒక కార్డునుంచి ఇంకో కార్డుకి పోయే కదలికనే ఒక మాటలా నేర్చుకున్నవాళ్లకి పాట వేగం ఒక్కసారి పెరుగుతుంది.

అయితే బ్రయన్, హార్టర్ మాటే చివరిది కాదు. 1958లో ఫ్రెడ్ కెల్లర్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు వాళ్ల ప్లాటోని ప్రశ్నించాడు. ఆయన కూడా మోర్స్ కోడ్ శిక్షణ మీద పనిచేసినవాడే. తర్వాతి శిక్షణల్లో ఆ బల్లపరుపు దశ కనబడటం లేదని, దాన్ని నేర్చుకోవడంలో తప్పనిసరి మజిలీగా భావించడానికి ఆధారం లేదని వాదించాడు. నాకు ఈ అభ్యంతరం చాలా విలువైనదిగా తోస్తుంది. నేర్పే పద్ధతిని బట్టి వచ్చీ పోయేదాన్ని విధిరాత అనుకోవాల్సిన పనిలేదు. ఈమధ్య, 2017లో, వేన్ గ్రే, జాన్ లిండ్‌స్టెడ్ అనే ఇద్దరు ఇంకో కోణం చూపించారు. మనిషి పాత పద్ధతిలో ఎంతదాకా రాగలడో అంతదాకా వచ్చి ఆగుతాడు. పైకి పోవాలంటే కొత్త పద్ధతి పట్టుకోవాలి. కొత్త పద్ధతి పట్టుకున్న మొదట్లో పనితనం పెరక్కపోగా తగ్గుతుంది. ఆ తగ్గుదలని ఓర్చుకున్నవాళ్లే గెంతు వేస్తారు.

ఈ తగ్గుదలే సొంతంగా నేర్చుకునేవాళ్లని భయపెడుతుంది. పిక్‌తో కిందికి మాత్రమే కొట్టే అలవాటున్న మనిషి కిందికీ పైకీ మార్చి మార్చి కొట్టబోతే, నిన్నటిదాకా వచ్చిన పాట ఇవాళ పాడైపోతుంది. గురువు పక్కనుంటే "పరవాలేదు, పది రోజులు ఇలాగే ఉంటుంది, వదలకు" అంటారు. ఒంటరిగా ఉన్నవాడు మూడోరోజున పాత అలవాటుకి తిరిగిపోతాడు.

చెయ్యి ఆగిపోవడానికి ఇంకో కారణం, మనం కోరుకున్నదే మనకి అడ్డం రావడం. పాల్ ఫిట్స్, మైఖేల్ పోస్నర్ 1967లో ఏ నైపుణ్యమైనా మూడు దశల్లో వస్తుందని రాశారు. మొదట ఆలోచించి చేస్తాం, తర్వాత తప్పులు దిద్దుకుంటూ చేస్తాం, చివరికి ఆలోచన లేకుండానే చేతులు చేసుకుపోతాయి. మూడో దశకి చేరేసరికి మెదడు ముందుభాగం మీద భారం తగ్గి, లోతున ఉన్న బేసల్ గాంగ్లియా వంటి భాగాలు పని అందుకుంటాయి. వాయిస్తూ కబుర్లు చెప్పగలుగుతాం. ఎంతో సుఖంగా ఉంటుంది. కానీ ధ్యాస తప్పుకున్న చోట దిద్దుబాటు కూడా ఆగిపోతుంది. ఎఫ్ దగ్గర మూగబోయే తీగ వెయ్యిసార్లు అలాగే మూగబోతే, ఆ మూగతనం కూడా పాటలో భాగంగా చేతికి బాగా వచ్చేస్తుంది. స్వీడన్‌కి చెందిన ఆండర్స్ ఎరిక్సన్ బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద 1993లో ప్రచురించిన ప్రసిద్ధ పరిశోధనలో పదివేల గంటల అంకె ఒక్కటే జనం నోళ్లలో మిగిలింది. ఆయన ఎక్కువ బరువు పెట్టింది ఆ గంటల్లో ఏం చేశారన్నదాని మీద. రాని చోటు మీద ధ్యాస పెట్టి, తప్పు తెలుసుకుని, దిద్దుకుని మళ్లీ చేసిన సాధన వేరు, వచ్చిన పాటలు ఆనందంగా వాయించుకోవడం వేరు. రెండోది మానమని నేననను, గిటార్ కొన్నదే దానికోసం. కానీ ఆ గంటని సాధన ఖాతాలో రాసుకోకూడదు.

మరి తప్పు తెలుసుకోవడం ఎలా? గోదావరి జిల్లాలవాళ్లకి దీనికి జవాబు వెతుక్కుంటూ బెర్లిన్ దాకా పోనక్కర్లేదు. పాలకొల్లు దాకా వెళితే చాలు.

ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పాలకొల్లులో పుట్టారు. లోకానికి మాండలిన్ శ్రీనివాస్. తండ్రి సత్యనారాయణ గారు క్లారినెట్ వాయించేవారు. ఆరేళ్ల వయసులో ఇంట్లో ఉన్న మాండలిన్ పట్టుకున్న కొడుకు చేతివాటం చూసి, ముందు తనే నేర్పి, ఆ తర్వాత తన గురువైన రుద్రరాజు సుబ్బరాజు గారికి అప్పగించారు. సుబ్బరాజు గారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. అందుకని ఆయన పాడేవారు, పిల్లవాడు అది విని తీగల మీద పలికించేవాడు. కర్ణాటక సంగీతాన్ని ఆ వాద్యం మీద ఏ వేలితో ఎలా పలికించాలో చూపించగలిగినవారు ఆ గదిలో లేరు. అసలు అప్పటికి ఆ సంప్రదాయమే లేదు. పిల్లవాడు వేళ్ల దారి తనే కనిపెట్టుకున్నాడు. కానీ పలికింది సరిగా ఉందో లేదో చెప్పగల చెవి ఎదురుగా కూర్చుని ఉంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొమ్మిదేళ్ల వయసులో తొలి కచేరీ. 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీలో కచేరీ. 1998లో పద్మశ్రీ. 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్లకే వెళ్లిపోయారు.

ఇందులో మనకి పనికొచ్చే సంగతి ఆయన మేధావితనం కాదు, అది అందరికీ రాదు. పాఠం సాగిన తీరు మాత్రం ఎవరికైనా పనికొస్తుంది. ముందు నాదం, తర్వాత వేళ్లు. ఇప్పుడు గిటార్ వీడియోల్లో దీనికి సరిగ్గా తలకిందులుగా జరుగుతుంది. మూడో తీగ రెండో ఫ్రెట్, రెండో తీగ మూడో ఫ్రెట్ అంటూ అంకెలు చెబుతారు. కళ్లు అంకెలు చదువుతాయి, వేళ్లు వెళ్లి నొక్కుతాయి, చెవికి పనే ఉండదు. పని లేని చెవి తప్పునెలా పట్టుకుంటుంది?

వినడం, చెయ్యి కదలడం మెదడులో వేరువేరు గదుల్లో జరిగే పనులు కావని ఇప్పుడు స్పష్టంగా తెలుసు. అమీర్ లహావ్ బృందం 2007లో సంగీతం రాని మనుషులకి ఒక పియానో పాట విని వాయించడం కొద్దిరోజుల పాటు నేర్పించి, తర్వాత ఎమ్మారై యంత్రంలో పడుకోబెట్టి కదలకుండా వినమన్నారు. తాము నేర్చిన పాట వినబడగానే వాళ్ల మెదడులో కదలికలకి సంబంధించిన భాగాలు మేల్కొన్నాయి. అంతే పరిచయం ఉన్నా వాయించడం నేర్వని పాటకి ఆ స్పందన అంతగా రాలేదు. చెవికీ చేతికీ మధ్య దారి పడటానికి ఏళ్లు పట్టదన్నమాట. కాబట్టి గిటార్ మీద ఒక చిన్న వరస వాయించే ముందు గొంతుతో పాడాలి. గొంతు బాగుండక్కర్లేదు, స్వరస్థానం కుదిరితే చాలు. పాడలేని వరసని వేళ్లతో గట్టెక్కించడమే చాలామందిని ఒకే చోట ఉంచేస్తోందని నా నమ్మకం.

ఇక దిద్దుకోవడం. టెక్సస్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ డ్యూక్, ఆయన సహచరులు 2009లో 17 మంది పియానో విద్యార్థులకి షోస్టకోవిచ్ రచనలోంచి ఒక చిన్న ముక్క ఇచ్చి, వచ్చేదాకా సాధన చేయమన్నారు. మర్నాడు పిలిచి వాయింపించి, వరస నంబర్లు ఇచ్చారు. ఎవరెంతసేపు సాధన చేశారో, ఎన్నిసార్లు వాయించారో అన్నదానికీ మర్నాటి ఫలితానికీ పొంతన కుదరలేదు. ముందు నిలిచినవాళ్లు కూడా తప్పులు చేశారు. కాకపోతే తప్పు పడ్డ వెంటనే ఆగారు. అది ఎక్కడ పడిందో పట్టుకుని, అక్కడ మాత్రం వేగం తగ్గించి, కుదిరేదాకా వాయించి, అప్పుడు ముందుకి వెళ్లారు. మిగిలినవాళ్లు తప్పుల మీదుగా దాటుకుంటూ పోయారు.

వేగం తగ్గించడం అనగానే మన సంగీతం నేర్చుకున్నవాళ్లకి సరళీ స్వరాలు గుర్తొస్తాయి. ఒకే వరసని, తాళం మారకుండా, మొదటి కాలంలో, రెండో కాలంలో, మూడో కాలంలో పాడిస్తారు. ప్రతి కాలానికీ వేగం రెట్టింపు. ఈ పద్ధతిలోని తెలివి గిటార్ నేర్చుకునేవాళ్లకి చాలా అవసరం. నెమ్మదిగా వాయించినప్పుడు తప్పు దాక్కోలేదు. కానీ ఎప్పుడూ నెమ్మదిగానే వాయిస్తే వేగంలో అవసరమయ్యే కదలిక ఎన్నటికీ రాదు, ఎందుకంటే వేగంగా వాయించేటప్పుడు వేళ్లు ఎత్తే ఎత్తు, మణికట్టు వాలు, తర్వాతి స్వరానికి ముందుగా సిద్ధపడే తీరు అన్నీ మారతాయి. మెట్రోనోమ్‌ని రోజుకి రెండేసి అంకెలు పెంచుకుంటూ పోయేవాళ్లు చాలాసార్లు ఒక అంకె దగ్గర ఇరుక్కుంటారు. ఆ అంకె దగ్గరే పాత కదలిక చెల్లదు, కొత్తది రాలేదు. నాలుగు స్వరాల ముక్క తీసుకుని 50 వేగంలో ఒకసారి, వెంటనే రెట్టింపులో ఒకసారి, మళ్లీ 50లో ఒకసారి వాయిస్తే, చెయ్యి ఎక్కడ బిగుసుకుంటోందో ఆ నిమిషంలోనే బయటపడుతుంది.

సాధన వరస మార్చడం గురించీ ఒక మాట. ఒకే ముక్కని అరగంట వాయిస్తే వచ్చేసినట్టే ఉంటుంది, మర్నాటికి జారిపోతుంది. జాన్ షియా, రాబిన్ మోర్గాన్ 1979లో చేతి కదలికల మీద చేసిన ప్రయోగంలో, మూడు పనుల్ని కలగాపులగంగా సాధన చేసినవాళ్లు ఆ పూట వెనకబడ్డా, పది రోజుల తర్వాత పరీక్షలో ముందు నిలిచారు. నిద్రకీ వాటా ఉంది. మాథ్యూ వాకర్ బృందం 2002లో వేళ్లతో ఒక వరస నొక్కడం నేర్పించి చూస్తే, మెలకువగా గడిపిన పన్నెండు గంటల్లో పెద్దగా రాని మార్పు రాత్రి నిద్ర తర్వాత వచ్చింది. వేగం సుమారు 20 శాతం పెరిగింది. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం కంటే రోజూ అరగంట మేలు.

అన్నిసార్లూ లోపం మనిషిలోనే ఉండదు. శ్రీనివాస్ మాండలిన్‌నే చూడండి. మామూలు మాండలిన్‌కి జంట తీగలుంటాయి, నాదం త్వరగా అణిగిపోతుంది, గమకం పలకదు. ఆయన జంటలు తీసేసి, ఒంటి తీగలతో అయిదు తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడారు. ఆయనతో రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన గిటార్ విద్వాంసుడు జాన్ మెక్లాఫ్లిన్ కూడా అంతకు చాలా ముందు, అప్పటికే పేరున్న వాద్యకారుడై ఉండి, డాక్టర్ ఎస్. రామనాథన్ దగ్గర వీణ నేర్చుకున్నాడు. 1970ల్లో శక్తి బృందం కోసం ఫ్రెట్ల మధ్య చెక్కని గుంటలుగా చెక్కించి గిటార్ చేయించుకున్నాడు. ఆ గుంటల వల్ల తీగని వీణ మీద లాగినట్టు లాగి గమకం తీయొచ్చు. అంత ఎత్తుకి వెళ్లిన మనిషి మళ్లీ విద్యార్థిగా కూర్చోవడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

మన గిటార్‌కి అంత మార్పు అక్కర్లేదు కానీ ఒక్కసారి పరీక్షగా చూడటం మంచిది. అకూస్టిక్ గిటార్‌లో పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగకీ ఫ్రెట్‌కీ మధ్య ఎత్తు 2 నుంచి 3 మిల్లీమీటర్లలో ఉంటే చేతికి హాయి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ. తేమకి చెక్క ఉబ్బి, పైపలక లేచి, తీగల ఎత్తు పెరుగుతుంది. ఉక్కు తీగలు తొందరగా తుప్పు పడతాయి. ఎఫ్ పలకనివాళ్లు అదే ఆకారాన్ని అయిదో ఫ్రెట్ మీద పెట్టి చూడండి. అక్కడ శుభ్రంగా పలికి, మొదటి ఫ్రెట్ దగ్గర ఎంత నొక్కినా పలకకపోతే తీగలు ఆనే నట్ ఎత్తుగా ఉందేమోనని అనుమానించాలి. బాగుచేసేవాళ్ల చేత దాన్ని సరిచేయించుకుంటే నెలల శ్రమ తప్పుతుంది. వేలిని ఫ్రెట్‌కి ఆనుకుని వెనకే పెడితే తక్కువ బలం సరిపోతుందన్న సంగతి కూడా చాలా వీడియోల్లో చెప్పకుండా వదిలేస్తారు. మణికట్టులోనో బొటనవేలి మొదట్లోనో నొప్పి వస్తే ఆపేయాలి. వేలి కొనల మంట సాధనలో భాగం, కీళ్ల నొప్పి కాదు.

ఇక గురువు సంగతి. పంచారామాలనే శివక్షేత్రాల్లో సామర్లకోటది కుమారారామం, పాలకొల్లుది క్షీరారామం. వాటిలో ఇంకొకటైన ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి గారు వీణని దేశమంతా వినిపించారు. ఆయన శిష్యుడు చిట్టిబాబు గారిది కాకినాడ. తీగ వాద్యాలకి ఇంత ఆదరణ ఉన్న నేల మీద గిటార్ నేర్చుకుంటూ, గురువు దొరకలేదని ఫోన్‌కే పరిమితమైపోవడం బాధాకరం. గిటార్ గురువు దొరకకపోవచ్చు. కానీ సామర్లకోటలోనో పెద్దాపురంలోనో కాకినాడలోనో పిల్లలకి గాత్రమో వీణో వయొలినో చెప్పే మాస్టారూ, టీచరమ్మా ఎవరో ఒకరు ఉంటారు. వాళ్లకి గిటార్ రాకపోయినా నష్టం లేదు; సుబ్బరాజు గారికి మాండలిన్ రాదు. నెలకి రెండుసార్లు వాళ్ల ముందు కూర్చుని వాయించండి. శ్రుతి ఎక్కడ తప్పిందో, తాళం ఎక్కడ జారిందో చెప్పమనండి. వాళ్లు పాడిన వరసని తీగల మీద వెతుక్కోండి. అది కుదరని రోజున మీ వాయింపుని ఫోన్లో రికార్డు చేసి, అప్పటికప్పుడు కాకుండా మర్నాడు పొద్దున వినండి. సంగీతం చెప్పే పెద్దలకీ ఒక విన్నపం: గిటార్ సంచీ భుజాన వేసుకుని ఎవరైనా కుర్రాడో అమ్మాయో మీ గుమ్మంలోకి వస్తే, అది మన వాద్యం కాదని పంపేయకండి. కూర్చోబెట్టి ఒక వరస పాడి వినిపించండి.